14 అంకెల పాలకూర

మా బెంగళూరు వైట్‌ఫీల్డ్ వైపు అపార్ట్‌మెంట్లలో ఆదివారం పొద్దున్నే క్లబ్‌హౌస్ ముందు ఆర్గానిక్ స్టాల్ వెలుస్తుంది, మీ దగ్గరా ఉండే ఉంటుంది, లేకపోతే ఫ్లాట్‌కి రీసేల్ రాదు. గోనెపట్టా, వెదురు బుట్టలు, వాటిల్లో పాలకూర, ఆకుపచ్చ ఏప్రాన్ కట్టిన కుర్రాడు, వాడి వెనకాల లామినేషన్ చేసిన సర్టిఫికెట్. దాన్ని చూడగానే మనవాళ్ళకి భక్తి ముంచుకొస్తుంది. దగ్గరికెళ్ళి చదివితే కదా, అది ఉత్త ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు, తిండి అమ్మేవాళ్ళందరూ కేంద్ర ఆహార భద్రతా సంస్థ దగ్గర తీసుకోవాల్సిందే. 14 అంకెల నంబరు. అలాంటి నంబరే గేటు బయట మిర్చి బజ్జీలేసే ఆయన దగ్గరా ఉంది, ఆ లెక్కన బజ్జీ కూడా ఆర్గానికే, తినండి.

"బాబూ, ఆర్గానిక్ సర్టిఫికెట్ ఏదీ?"

"ఫుల్లీ సర్టిఫైడ్ సార్."

ఎన్‌పీఓపీనా (ప్రభుత్వం గుర్తించిన ఏజెన్సీ తనిఖీ చేసి ఇచ్చేది), పీజీఎస్సా (రైతులే గుంపుగా తనిఖీ చేసుకునేది) అన్నాను. "రెండూ సార్, ఇంకా ఎక్కువే" అన్నాడు. ఆర్గానిక్ సరుకుకి గుర్తైన జైవిక్ భారత్ లోగో చూపించమంటే ఆకులో బొక్క చూపించాడు. పురుగు తిన్నది సార్, ఇంకేం ప్రూఫ్ కావాలి అని. వెనకున్న ఆంటీ ఆ బొక్కని ఫోటో తీసుకున్నారు. ఇంకొకాయన మట్టి క్యారెట్ ఎత్తి వాసన చూసి కళ్ళు మూసుకుని "ఆహా, నాటు" అన్నాడు. బొక్కల్లేని కట్టలు ముట్టుకునేవాళ్ళు లేక పాపం కుర్రాడు వాటికి రేటు తగ్గించాడు. ఇలాగైతే రేపు కంపెనీ పురుగుల్నే జీతానికి పెట్టుకుంటుంది, నైట్ షిఫ్ట్‌కి అలవెన్సు కూడా ఇస్తుంది. క్యూఆర్ కోడ్ ఉంది కదా, ఏ పొలమో ఎప్పుడు కోశారో వస్తుందని స్కాన్ చేస్తే తలపాగా కట్టుకుని నవ్వుతున్న రైతు ఫోటో వచ్చింది. పళ్ళు మాత్రం తళతళా మెరుస్తున్నాయి.

రూల్స్ లేవా అంటే బ్రహ్మాండంగా ఉన్నాయి. ఎన్‌పీఓపీ 2001 నుంచీ ఉంది, ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆర్గానిక్ రూల్స్ 2017లో వచ్చాయి. కూరగాయల్లాంటి పంటలకైతే మందులు మానేశాక మామూలుగా రెండేళ్ళు ఆగాలి, ఆలోపు దిగుబడి పడిపోయినా సరే ఆర్గానిక్ అని రేటు అడగడానికి లేదు. విత్తనం ఎక్కడిది, ఎరువు ఎక్కడిది, పక్క పొలంలో కొట్టిన మందు గాలికి ఇటు రాకుండా గట్టున ఏం వేశావు, అన్నీ రాసిపెట్టాలి. పీజీఎస్ అయితే కనీసం ఐదుగురు రైతులు గుంపు కట్టి ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకోవాలి.

కోలారు జిల్లాలో, శ్రీనివాసపురం దగ్గర తెలుగు మాట్లాడే రైతు ఒకాయన ఇదంతా చెప్పి, "మందు కొట్టేవానికి ఏ కాయితమూ అక్కర్లేదంట, కొట్టనోడే రుజువు జేయాలంట, ఇదేం న్యాయం సామీ" అన్నాడు. ఏం చెప్పమంటారు? టమాటా మీద ఏమేం మందులు ఎన్నిసార్లు కొట్టారో బుట్టకి బోర్డు కట్టమని ఒక్కడూ అడగడు. వేపపిండి, జీవామృతం వేసుకుని నడుం విరగ్గొట్టుకున్నవాడేమో ఫీజు కట్టి, ఫైలు పట్టుకుని నిలబడి, నేను విషం పెట్టలేదు బాబూ అని మొత్తుకోవాలి. సిగ్గుండాలి మనకి! ఆ కష్టమంతా వాడిది, ఆ పేరు మీద రేటు మాత్రం లామినేషన్ చేయించినవాడిది.

హొసకోటె అవతల నుంచి ఒక అవ్వ సొంత మడిలో పండించిన తోటకూర (ఇక్కడ దంటుసొప్పు అంటారు) తెచ్చి మా గేటు దగ్గర కూర్చునేది. సొంత పంట నేరుగా తినేవాళ్ళకే అమ్ముకునే చిన్న రైతుకి సర్టిఫికెట్ అక్కర్లేదని ఆ 2017 రూల్సే చెప్తున్నాయి. అయినా మా అసోసియేషన్ హైజీన్ అని మీటింగ్ పెట్టి తీర్మానం చేసింది, సెక్యూరిటీ వెళ్ళి ఆమెని సర్టిఫికెట్ అడిగాడు, లేదంటే లేపేశాడు. అదే మీటింగ్‌లో స్టాల్ వాళ్ళ వ్యానుకి విజిటర్ పార్కింగ్‌లో రెండు స్లాట్లు ఫ్రీగా రాసిచ్చారు.