చావాల్సిన కణాన్ని చావనివ్వని వైరస్, పెళ్లీడు దాకా ఆగమనే మనం

బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో మొన్న ఒకావిడ అడిగింది, పాపకి పదకొండేళ్లు, హెచ్‌పీవీ వ్యాక్సిన్ వేయించమంటారా అని. హెచ్‌పీవీ అంటే లైంగికంగా అంటుకునే వైరస్, సర్వైకల్ క్యాన్సర్ (గర్భసంచి ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్) తెచ్చేది అదే. గంటలో నలభై మెసేజ్‌లు. "ఇంత చిన్నపిల్లకి ఇప్పుడే ఎందుకండీ, పెళ్లీడు వచ్చాక చూసుకోవచ్చు" అన్నవాళ్లే ఎక్కువ. పొద్దున లేస్తే కోడ్‌లో తప్పులు పట్టే ఉద్యోగాలు చేసేవాళ్లు కూడా ఇదే మాట. పెళ్లీడు దాకా ఆగితే ఏం పోతుందో తెలియాలంటే ఆ వైరస్ కణంలోకి దూరి ఏం చేస్తుందో చూడాలి.

కరోనా తర్వాత మనకి వైరస్ అంటే చంపేది అనే ముద్ర పడిపోయింది. కానీ చాలా వైరస్‌ల అసలు పని దానికి రివర్స్. మన కణాల్లో తమంతట తాము చచ్చిపోయే ఏర్పాటు ఒకటుంది, అపాప్టోసిస్ అంటారు, డీఎన్‌ఏ బాగా పాడైనా లోపల వైరస్ దూరినా ఆ కణం పక్కవాటికి అంటించకుండా తనే పోతుంది. అద్దెకి దిగిన ఇల్లే కూలిపోతే వైరస్ ఎక్కడికి పోతుంది? అందుకే అడినోవైరస్ దగ్గర చావుని ఆపే మన బీసీఎల్-2ని పోలిన ప్రొటీన్ ఉంటుంది. పట్టుపురుగులకి గ్రాసరీ రోగం తెచ్చే బాక్యులోవైరస్‌ల కుటుంబంలో పీ35 అని ఇంకోటి, కణాన్ని కత్తిరించే కాస్పేస్‌లనే ఎంజైమ్‌ల నోట్లో తనే వెళ్లి ఇరుక్కుని వాటిని పనికిరాకుండా చేస్తుంది. (రామనగర మార్కెట్‌కి గూళ్లు తెచ్చే మన హిందూపురం వైపు రైతులకి పీ35 తెలియకపోవచ్చు, గ్రాసరీ బాగా తెలుసు.)

హెచ్‌పీవీ వీటన్నిటికంటే ముదురు. ఈ పనికి దాని దగ్గరున్న ఆయుధాలు రెండు ప్రొటీన్లు, ఈ6, ఈ7. ముందు ఈ7 వెళ్లి ఆర్‌బీ అనే బ్రేకుని ఊడదీస్తుంది, కణం ఆపకుండా విడిపోవడం మొదలుపెడుతుంది, వైరస్‌కి కావాల్సిందే అది, తన కాపీలు తీసుకోవచ్చు. కానీ ఈ గోల చూసి పీ53 అనే కాపలావాడు లేస్తాడు, ఇక చచ్చిపో అని కణానికి ఆర్డర్ వేస్తాడు. అప్పుడు ఈ6 దిగుతుంది. పీ53ని నాశనం చేసే శక్తి దానికి సొంతంగా లేదు, మన కణంలోనే ఉండే ఈ6ఏపీ అనే ఎంజైమ్‌ని పట్టుకుని పీ53 మీదకి తోలుతుంది, అది వెళ్లి పీ53కి చెత్త అని ముద్ర కొడుతుంది, కణం తన చెత్తబుట్టలో తన కాపలావాడినే పారేస్తుంది. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటే ఇదే. ఈ6 వల్ల పీ53 నాశనమవుతుందని 1990లోనే బయటపడింది.

నాకు మతిపోయేది ఇక్కడే. మిగతా క్యాన్సర్లలో దాదాపు సగంలో పీ53 జీనే పాడైపోయి ఉంటుంది. సర్వైకల్ క్యాన్సర్‌లో ఎక్కువసార్లు ఆ జీన్ శుభ్రంగా ఉంటుంది, ప్రొటీన్ తయారవుతూనే ఉంటుంది, తయారైంది తయారైనట్టే చెత్తలోకి పోతుంది. 1951లో హెన్రియెట్టా లాక్స్ అనే అమెరికన్ మహిళ సర్వైకల్ క్యాన్సర్ కణితి నుంచి తీసి ల్యాబుల్లో ఇప్పటికీ పెంచుతున్న హీలా కణాల్లో ఉన్నది హెచ్‌పీవీ-18 అనే రకం, ఇన్నేళ్ల తర్వాత కూడా ల్యాబ్‌లో ఈ6, ఈ7లని ఆపేస్తే వాటిలో పీ53 మళ్లీ లేచి కూర్చుంటుంది, విభజన ఆగిపోతుంది. అయినా ఈ6ని ఆపే మందు ఇంతవరకు మెడికల్ షాపుకి రాలేదు.

ఇప్పుడు వ్యాక్సిన్ సంగతి. అది తయారయ్యేది వైరస్ పైతొడుగులోని ఎల్1 ప్రొటీన్‌తో. అంటే దాంతో వచ్చే యాంటీబాడీలు వైరస్‌ని గుమ్మం దగ్గర పట్టుకుంటాయి, లోపలికి దూరి ఈ6, ఈ7 పని మొదలుపెట్టాక వాటికి చేసేదేం లేదు. 9 నుంచి 14 ఏళ్లు అని డబ్ల్యూహెచ్‌ఓ చెప్పడానికి కారణం అది, వైరస్ తగలకముందే వేయాలి. పిల్ల నడవడికకీ దీనికీ ఏ సంబంధం లేదు, పెద్దాళ్లు గింజుకోవడమే తప్ప.

చాలామందిలో ఈ వైరస్ రెండేళ్లలో దానంతట అదే పోతుందంటారు, నిజమే. ఖమ్మంలో 2009లో ఈ వ్యాక్సిన్ ప్రయోగంగా వేసినప్పుడు కొందరు పిల్లలు చనిపోయారు, అది మర్చిపోయావా అంటారు, మర్చిపోలేదు, హాస్టల్ పిల్లలకి తల్లిదండ్రుల బదులు వార్డెన్లతో సంతకాలు పెట్టించడం దుర్మార్గం. కానీ విచారణలో ఆ మరణాలకి వ్యాక్సిన్‌తో సంబంధం తేలలేదు. దేశంలో ఏటా 1.2 లక్షలకి పైగా సర్వైకల్ క్యాన్సర్ కేసులు వస్తుంటే ఖమ్మం పేరు చెప్పి ఎన్నాళ్లు కూర్చుంటాం?

అసలు నా కోపం వేరే. కుటుంబ ఆరోగ్య సర్వే తీసి చూడండి, గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల శాతంలో దేశంలో అందరికంటే ముందున్నవి ఏపీ, తెలంగాణ. అందులో ఎంతమందిని "ఉంచితే క్యాన్సర్ అవుద్దమ్మా" అని భయపెట్టి టేబుల్ ఎక్కించారో మన ఊళ్లల్లో ఎవర్నడిగినా చెప్తారు, ముప్పై అయిదేళ్లకే ఆపరేషన్ అయిపోయినవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు. క్యాన్సర్ భయంతో అవయవం తీయించుకోవడానికి అప్పు తెచ్చిన ఇంట్లోనే, అదే క్యాన్సర్‌కి సూది అంటే "ఆడపిల్ల, ఎవరైనా ఏమనుకుంటారో" అంటారు. మనోళ్లు బెంగళూరు వచ్చినా ఆ మాట లగేజీలో వచ్చేసింది.

ఇదంతా కుదించి నేనూ గ్రూపులో పెట్టాను. గ్రూపులో ఒక్కరూ పలకలేదు. ప్రైవేట్‌గా మాత్రం నలుగురు తల్లులు మెసేజ్ చేశారు, ఏ డాక్టర్ దగ్గర వేయిస్తారండీ అని, అందులో ముగ్గురు కింద ఒక లైను కలిపారు, మా అత్తగారికి తెలియకుండా అని.