యాంటెన్నాకు చోటు చివర్లో అడిగితే ఎలా?

ల్యాప్‌టాప్‌లో వైఫై సరిగ్గా అందకపోతే నింద ముందుగా యాంటెన్నా మీదే పడుతుంది. విప్పి కొలిచి చూస్తే చాలాసార్లు దాని తప్పేమీ ఉండదు. చుట్టూ ఉన్న లోహం, దానిదాకా వచ్చే కేబుల్, పక్కనే రేడియో రొద పెట్టే డిస్‌ప్లే సర్క్యూట్, ఈ మూడింటిలో ఏదో ఒకటి పట్టుబడుతుంది. ఈ మూడూ ఖరారయ్యాక యాంటెన్నా ఇంజినీరును పిలిచి, మిగిలిన సందులో ఇరికించమనడమే అసలు జబ్బు.

1999లో యాపిల్ ఐబుక్ ల్యాప్‌టాప్ మూతలో యాంటెన్నాలు దాచినప్పుడు పని తేలిక. ఒకటే బ్యాండు (ఫ్రీక్వెన్సీల పట్టీ), ప్లాస్టిక్ మూత, తెర చుట్టూ వెడల్పాటి అంచు. ఇప్పుడు అదే యాంటెన్నా 2.4 గిగాహెర్ట్జ్‌తో పాటు 5150 నుంచి 7125 మెగాహెర్ట్జ్ దాకా పలకాలి. పై భాగం ఒక్కటే, దాని మధ్య ఫ్రీక్వెన్సీతో పోలిస్తే 30 శాతం దాటిన బ్యాండ్‌విడ్త్ (పలకాల్సిన ఫ్రీక్వెన్సీల వెడల్పు). అంచేమో సన్నబడింది, మూత అల్యూమినియమో మెగ్నీషియమో అయింది. కార్బన్ ఫైబర్ ప్లాస్టిక్‌లా కనిపించినా విద్యుత్‌ను ప్రవహింపజేస్తుంది, కాబట్టి అదీ అడ్డే.

2.45 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 122 మిల్లీమీటర్లు. పక్కకు పడుకోబెట్టిన F అక్షరంలా ఉండే ఇన్వర్టెడ్ ఎఫ్ యాంటెన్నాకు అందులో పావు, అంటే సుమారు 31 మిల్లీమీటర్ల చేయి చాలు. మూత అంచున ఆ పొడవు దొరుకుతుంది. దొరకనిది ఎత్తు. గ్రౌండ్ (కింది లోహపు తలం) నుంచి చేయి ఎత్తును సగం చేస్తే రేడియేషన్ రెసిస్టెన్స్ (శక్తిని తరంగాలుగా వెదజల్లే సత్తాకు కొలమానం) స్థూలంగా నాలుగో వంతుకు పడిపోతుంది, బ్యాండ్‌విడ్త్ కుంచించుకుపోతుంది. పరిమాణానికీ బ్యాండ్‌విడ్త్‌కూ ఉన్న ఈ లంకెకు 1948లోనే లాన్ జెన్ చూ అనే ఇంజినీరు హద్దు గీశాడు. యాంటెన్నాను రేడియోకు పొసగించే మ్యాచింగ్ సర్క్యూట్ ఎంత తెలివిగా పెట్టినా ఆ హద్దు దాటలేం.

నమూనాను బల్ల మీద విడిగా ట్యూన్ చేయడం వృథా. అసలు మూతలో, తెర ప్యానెల్ బిగించి, యాంటెన్నా చేతిని కాస్త పొడవుగా పెట్టి అర మిల్లీమీటరు చొప్పున కత్తిరిస్తూ రావాలి. ఫీడ్‌ను (సిగ్నల్ ఎక్కించే చోటును) షార్టింగ్ కాలికి (గ్రౌండ్‌కు కలిపే కాలికి) దగ్గర చేస్తే ఇంపిడెన్స్ (సిగ్నల్‌కు ఎదురయ్యే నిరోధం) తగ్గుతుంది, దూరం జరిపితే పెరుగుతుంది. కేబుల్‌కు సరిపోయే 50 ఓమ్‌లు దొరికేదాకా అటూ ఇటూ జరపాలి. ప్రతి కొలతా పై ప్లాస్టిక్ తొడుగు మూసే తీసుకోవాలి. తొడుగు పడగానే రెజొనెన్స్ (యాంటెన్నా బాగా పలికే ఫ్రీక్వెన్సీ) కిందికి జారుతుంది. 2.4 బ్యాండు మొత్తం వెడల్పే 83.5 మెగాహెర్ట్జ్, 50 జారితే సగానికి పైగా చేజారినట్టే.

ఇక కేబుల్. 1.13 మిల్లీమీటర్ల సన్నని కోయాక్స్ కేబుల్ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర మీటరుకు సుమారు 3 డెసిబెల్స్, 5 దగ్గర 5 డెసిబెల్స్ పైగా మింగుతుంది. మూత పైనుంచి కీలు గుండా వైఫై కార్డు దాకా 60 సెంటీమీటర్లు నడిపిస్తే 5 గిగాహెర్ట్జ్‌లో సగం శక్తి దారిలోనే ఖర్చు. వైఫై కార్డును కీలు దగ్గరికి జరపడం కొత్త యాంటెన్నా గీయడం కన్నా లాభసాటి బేరం, కానీ బోర్డు గీసేవాళ్లు దానికి అంత తేలిగ్గా ఒప్పుకోరు. ఈ కేబుల్ మరో మోసం కూడా చేస్తుంది. సిగ్నల్ వెళ్లేటప్పుడూ తిరిగొచ్చేటప్పుడూ తగ్గుతుంది కాబట్టి, 2 డెసిబెల్స్ నష్టం రిటర్న్ లాస్‌ను (యాంటెన్నా నుంచి వెనక్కొచ్చే సిగ్నల్ ఎంత తగ్గిందో చెప్పే అంకెను, ఎక్కువైతే మేలు) 4 డెసిబెల్స్ మెరుగ్గా చూపిస్తుంది. 6 ఉన్న నాసి యాంటెన్నా, కార్డు చివర కొలిస్తే 10 చూపించి పరీక్ష పాసవుతుంది. అందుకే రిటర్న్ లాస్‌ను నమ్మి ఊరుకోకుండా, రేడియో ప్రతిధ్వనులు లేని గదిలో ఎఫిషియెన్సీ (ఇచ్చిన శక్తిలో ఎంత తరంగాలుగా బయటికెళ్లిందో) కొలవాలి. పీక్ గెయిన్ (ఒక్క దిక్కున గరిష్ఠ బలం) అంకె ప్రకటనలకే పనికొస్తుంది. ల్యాప్‌టాప్ ఏ దిక్కుకు తిరిగి ఉంటుందో ఎవరికి తెలుసు?

రొద సంగతి అందరూ చివరికి వదిలేస్తారు. 20 మెగాహెర్ట్జ్ ఛానెల్‌లో సహజమైన రొద మైనస్ 101 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చి చెప్పే డెసిబెల్స్). తెర కేబుల్ నుంచో, 5 గిగాబిట్ల యూఎస్‌బీ పోర్టు నుంచో అది 6 డెసిబెల్స్ పెరిగితే, ఖాళీ ప్రదేశం లెక్కన అందే దూరం సగమవుతుంది. ప్యానెల్ వెనుక రాగి రేకును జిగురు టేపుతో గ్రౌండ్ చేస్తే తాత్కాలికంగా తగ్గుతుంది. టేపు పట్టు సడలాక మళ్లీ మొదటికొస్తుంది. స్క్రూతో బిగించడమే నయం.

అంచే లేని మూతలు వచ్చాక యాంటెన్నాలు కీబోర్డు భాగంలోకి దిగుతున్నాయి. అక్కడ కేబుల్ పొట్టిదే, కానీ కింద ఒడి, పైన అరచేతులు. శరీరం సిగ్నల్‌ను పీల్చుకోవడమే కాదు, అమెరికా నిబంధన ప్రకారం ఆ పీల్చుకునే శక్తి 1 గ్రాము కణజాలంపై సగటున కిలోకు 1.6 వాట్ల పరిమితికి లోబడాలి. దాటుతుంటే ట్రాన్స్‌మిట్ పవర్ తగ్గించాలి, లేదా శరీరం సమీపాన్ని పసిగట్టే సెన్సర్ పెట్టాలి. ఆ సెన్సర్‌కూ చోటు కావాలి.