ఒక్క గిత్తను యాభై చేస్తే ఒంగోలు జాతి నిలబడుతుందా?

ఒంగోలు జాతిని నిలబెట్టుకోవాలంటే ఇక క్లోనింగ్ ఒక్కటే దారి అనే మాట మా ప్రకాశం జిల్లాలో ఈ మధ్య తరచుగా వినిపిస్తోంది. సంక్రాంతికో ఊరి తిరునాళ్లకో బండలాగుడు పందేలు జరిగి, ఒక జత మిగిలిన జతలన్నింటినీ మించి లాగినప్పుడు, "కర్నాల్‌లో దూడను పుట్టించారంట కదా, ఈ గిత్త నుంచి కూడా ఒక యాభై పుట్టిస్తే సరిపోతుంది కదా" అని చూడవచ్చినవారిలో ఎవరో ఒకరు అంటారు. ఆ మాట అనేవారు పశువు మీద ప్రేమ ఉన్నవారే. ఆ ప్రేమ నాకూ ఉంది కాబట్టే, ఆ దారి మన అవసరానికి ఎందుకు సరిపోదో, ఎక్కడ మాత్రం పనికొస్తుందో వివరంగా రాస్తున్నాను.

ముందుగా క్లోనింగ్‌లో జరిగేదేమిటో చెప్పుకోవాలి. ఒక ఆవు అండంలోంచి దాని సొంత జన్యు పదార్థాన్ని తీసివేసి, మనం కోరుకున్న పశువు చర్మం నుంచో మరో భాగం నుంచో సేకరించిన మామూలు కణాన్ని ఆ అండంతో కలుపుతారు. ప్రయోగశాలలో ప్రేరేపిస్తే, ఎద్దు ప్రమేయం లేకుండానే ఆ అండం విభజన చెందడం మొదలవుతుంది. కొన్ని రోజులు పెరిగిన పిండాన్ని మరో ఆవు గర్భసంచిలో ఉంచుతారు. ఎదిగిన పశువు కణం నుంచి ఈ విధంగా పుట్టిన మొదటి క్షీరదం 1996 జులై 5న స్కాట్లండ్‌లోని రోస్లిన్ సంస్థలో పుట్టిన డాలీ అనే గొర్రె. మన దేశంలో కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థ, ఖరీదైన పరికరాల అవసరం తగ్గించి సూక్ష్మదర్శిని కింద చేత్తోనే సన్నని బ్లేడుతో అండాన్ని కోసే పద్ధతిని రూపొందించి, 2009లో గేదె దూడలను పుట్టించింది. 2010లో పుట్టిన గరిమ-2 అనే క్లోన్ గేదె 2013 జనవరిలో మహిమ అనే దూడను ఈనింది. 2012లో కశ్మీర్‌లో నూరి అనే పష్మినా మేక పుట్టింది. 2023 మార్చిలో కర్నాల్‌లోనే గంగ అనే గిర్ పెయ్యదూడ పుట్టింది. మన శాస్త్రవేత్తల పనితనం మీద నాకు ఎంతో గౌరవం ఉంది. గిర్ ఆవుకు సాధ్యమైనది ఒంగోలు ఆవుకు అసాధ్యమేమీ కాదు.

సాధ్యమైనంత మాత్రాన దానికి పట్టే మూల్యం తగ్గిపోదు. డాలీ కోసం 277 అండాలను కణాలతో కలిపితే, వాటిలో 29 మాత్రమే గర్భంలో పెట్టదగిన పిండాలయ్యాయి, చివరికి పుట్టింది ఒక్కటే. ఆ తరువాతి కాలంలో నైపుణ్యం పెరిగినా, పశువుల క్లోనింగ్‌లో పెట్టిన పిండాల్లో అధిక భాగం ఇప్పటికీ నిలవవు. కొన్ని చూళ్లలో మాయ సరిగా ఏర్పడదు. కొన్నిటిలో ఉమ్మనీరు విపరీతంగా చేరుతుంది. కొన్నిసార్లు దూడ కడుపులోనే మామూలుకంటే పెద్దదిగా పెరిగి, మోసిన ఆవు ఈనలేక కోత పెట్టవలసి వస్తుంది. కర్నాల్‌లో 2009 ఫిబ్రవరిలో పుట్టిన మొదటి క్లోన్ గేదె దూడ కొద్ది రోజులకే చనిపోయింది. విజయగాథలు చెప్పేటప్పుడు పుట్టిన దూడ ఫొటో చూపిస్తారు కానీ, నెలలు మోసి చూలు పోగొట్టుకున్న ఆవుల సంగతి ఎవరూ చెప్పరు. దూడ అడ్డం తిరిగి ఆవు రాత్రంతా నొప్పులు పడుతుంటే కొట్టంలో దాని పక్కనే కూర్చున్న రైతుకు ఈ లెక్క అంకెలుగా కనిపించదు. ఆ బాధ కలగజేయడానికి తగినంత పెద్ద కారణం ఉందా అనేది, నా దృష్టిలో, ఈ చర్చలో మొదట అడగవలసిన ప్రశ్న.

అయితే క్లోనింగ్‌కు వ్యతిరేకంగా చెప్పే ప్రతి మాటా నిజమని నేను అనను. క్లోన్ పశువులన్నీ తొందరగా ముసలివైపోయి చచ్చిపోతాయనే ప్రచారం సరైనది కాదు. డాలీ 2003లో మరణించడానికి కారణం గొర్రెలకు వైరస్ వల్ల వచ్చే ఊపిరితిత్తుల కణితి. డాలీ వచ్చిన కణాల నుంచే పుట్టించిన మరో నాలుగు గొర్రెలను నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం వారు పరీక్షించి, వయసు మీరినా అవి ఆరోగ్యంగానే ఉన్నాయని 2016లో ప్రకటించారు. క్లోన్ ఆవు పాలు విషమనే భయానికీ ఆధారం లేదు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2008లో క్లోన్ ఆవులు, పందులు, మేకల పాలు, మాంసం మామూలు వాటిలాగే సురక్షితమని తేల్చింది. 2015లో ఐరోపా పార్లమెంటు సేద్యపు పశువుల క్లోనింగ్‌ను నిషేధించాలని ఓటు వేసినప్పుడు, ప్రధానంగా ముందుకు వచ్చిన వాదన పశువులు పడే బాధ గురించినదే. తినేవారి క్షేమం ఒక ప్రశ్న, మోసే పశువు క్షేమం మరొక ప్రశ్న. మొదటిదానికి దొరికిన జవాబును రెండోదానికి కూడా వాడుకోవడం నిజాయితీ అనిపించుకోదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఒంగోలు జాతి బలం ఏ ఒక్క గిత్త కండల్లోనూ లేదు. అది గుండ్లకమ్మ పరిసరాల్లోని ఎన్నో ఊళ్లలో, ఎన్నో ఇళ్లలో, ఒకదానికొకటి కొంత భిన్నంగా ఉండే ఆవుల్లోనూ ఆంబోతుల్లోనూ పంచుకుని ఉంది. పూర్వం ఇంటి పెద్ద పోయినప్పుడో మొక్కు తీర్చుకునేటప్పుడో మంచి కోడెదూడను ఎంచి, అచ్చువేసి ఊరి మీదికి వదిలేవారు. దానికి మేత పెట్టడం ఊరందరి బాధ్యత. ఏ ఊరి ఆంబోతు ఆ ఊరిదే కాబట్టి, ఊరు మారితే నెత్తురు మారేది. మా వైపు పెద్ద రైతులు దూడను ఎంచేటప్పుడు తండ్రి పేరు ఒక్కటే అడగరు. తల్లి పాలు, పొదుగు, నెమ్మది, ఎన్ని ఈతలు ఈనిందో, కరవు ఏడాది ఎలా తట్టుకుందో అన్నీ అడుగుతారు. పందెంలో గెలిచిన గిత్తలో ఈ గుణాలన్నీ ఉన్నాయో లేవో బండ చెప్పలేదు. పైగా ఆ గెలుపులో ఉలవలు పెట్టిన చేతి వాటా, ఏళ్ల తరబడి తర్ఫీదు ఇచ్చిన మనిషి వాటా ఎంతో ఉంటాయి, వాటిని కణంలోంచి తీయలేము. ఒంటి రంగు విషయంలో కూడా క్లోన్ నకలుగా రానవసరం లేదని 2001లో అమెరికాలో పుట్టిన మొదటి క్లోన్ పిల్లి చూపించింది. దాని మచ్చలు కణం ఇచ్చిన పిల్లి మచ్చల్లా లేవు. ప్రాణంగా పెంచుకున్న గిత్త పోయిన ఇంటికి దాన్నే తిరిగి తెచ్చి ఇస్తామని ఎవరైనా అంటే, అది జరగని పని.

ఒకే పశువు మీద జాతి మొత్తాన్ని ఆధారపరిస్తే ఏమవుతుందో తెలుసుకోవడానికి క్లోనింగ్ దాకా కూడా పోనక్కరలేదు. అమెరికాలో 1962లో పుట్టిన పానీ ఫార్మ్ ఆర్లిండా చీఫ్ అనే హోల్‌స్టీన్ ఆంబోతు కూతుళ్లు పాలు విస్తారంగా ఇవ్వడంతో, దాని వీర్యాన్ని, దాని కొడుకుల వీర్యాన్ని ప్రపంచమంతా సూది ద్వారా వాడారు. చీఫ్ శరీరంలో ఒక జన్యువు చెడిపోయి ఉంది. ఒక్క ప్రతి చెడితే పశువుకు ఏమీ కాదు, తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండూ చెడినవే వస్తే పిండం కడుపులోనే చనిపోతుంది. దాని సంతతి లోపల్లోపలే కలుస్తున్న కొద్దీ, ప్రపంచవ్యాప్తంగా ఐదు లక్షలదాకా చూళ్లు ఈ ఒక్క లోపం వల్లే పోయి ఉంటాయని 2016లో పరిశోధకులు లెక్కగట్టారు. చీఫ్‌ను ఎంచుకున్నవారు అజ్ఞానులు కారు. పాల లెక్కలు చూస్తే వారి ఎంపిక సరైనదే, ఆ పాల వల్ల వచ్చిన లాభం నష్టంకంటే ఎన్నో రెట్లు ఎక్కువ కూడా. కానీ కంటికి కనిపించే మేలుతో పాటు కనిపించని కీడును కూడా వారు కోట్ల పశువుల్లోకి పంపారు. హోల్‌స్టీన్ మంద పెద్దది కనుక తట్టుకుంది. మేలైన ఒంగోలు మందలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగేలా మిగిలిన మన దగ్గర ఒక గిత్తకు యాభై క్లోన్‌లు చేసి, వాటన్నింటి వీర్యం ఊరూరికీ పంపితే, రెండు మూడు తరాల్లో అన్నాచెల్లెళ్లు కాని జత దొరకడమే కష్టమవుతుంది.

క్లోన్ అనే మాట మన రైతులకు కొత్తది కూడా కాదు. జిల్లాలో క్లోన్ జామాయిల్ వేయని మండలం తక్కువ. మేలైన ఒక చెట్టు కొమ్మ ముక్కల నుంచి పెంచిన మొక్కలన్నీ ఒకే ఎత్తున, ఒకే లావున ఎదుగుతాయి, గింజ మొక్కలకంటే కర్ర దిగుబడి ఎక్కువ వస్తుంది, నాలుగైదేళ్లకు కోత కొస్తుంది. నీళ్లు లేని పొలాల్లో చాలా కుటుంబాలు దానివల్లే అప్పుల నుంచి బయటపడ్డాయి కాబట్టి మొక్కల క్లోనింగ్‌ను నేను తప్పుపట్టను. గూడూరు వైపు నిమ్మతోటల్లోనూ అంట్లు కట్టడం మామూలే. అయితే 2000 తరువాత దక్షిణాదిలో జామాయిల్ ఆకుల మీద బుడిపెలు పుట్టించే చిన్న కందిరీగ వ్యాపించినప్పుడు, దానికి లొంగే రకపు క్లోన్ తోటల్లో మొక్కలన్నీ ఒక్కతీరుగా దెబ్బతిన్నాయి, తట్టుకునే క్లోన్ వేసినవారు బయటపడ్డారు. జామాయిల్ పోతే మరో రకం నాటుకోవచ్చు. ఒంగోలు పశువు పోతే దాని బదులు నాటుకోవడానికి ఏదీ లేదు.

మరి ఈ విద్య మనకు అసలు పనికిరాదా? పనికొస్తుంది, పోయినదాన్ని తిరిగి కలపడానికి. అమెరికాలో నల్లకాళ్ల ఫెర్రెట్ అనే చిన్న జంతువు అంతరించే దశకు వచ్చి, 2020 నాటికి ఉన్నవన్నీ ఏడు జంతువుల సంతానమే. 1988లో గడ్డకట్టించి దాచిన, వీటిలో సంతానం లేని మరో ఆడ జంతువు కణాల నుంచి 2020 డిసెంబరులో ఎలిజబెత్ ఆన్ అనే క్లోన్‌ను పుట్టించారు. అక్కడి ఉద్దేశం తప్పిపోయిన వైవిధ్యాన్ని తిరిగి మందలోకి తేవడం. అందుకే దాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. అలాగే స్పెయిన్ కొండల్లో 2000లో చిట్టచివరిది చనిపోయిన బుకార్డో అనే అడవిమేక నుంచి 2003లో ఒక క్లోన్ పుట్టి, ఊపిరితిత్తుల లోపంతో కొద్ది నిమిషాలకే చనిపోయింది. ఒకవేళ అది బతికినా, ఆడది ఒక్కటే మిగిలితే మంద ఎలా అవుతుంది? కాబట్టి కణాలను ఇప్పుడే, పశువులు ఇంకా కళ్లముందు ఉండగానే, వీలైనన్ని వేర్వేరు వంశాల నుంచి సేకరించి భద్రపరచాలి. పందెం గెలిచిన గిత్తకంటే, మారుమూల ఊళ్లో ఎవరూ పట్టించుకోని పాత వంశపు ముసలి ఆవు చెవి నుంచి తీసిన చిన్న ముక్క ఆ నిధిలో ఎక్కువ విలువైనది. మన నెల్లూరు గొర్రెల్లో పల్లా, జోడిపి, ఎర్ర రకాలకూ ఇదే వర్తిస్తుంది.

మనిషి క్లోనింగ్ గురించి నా అభిప్రాయం ఒక్క మాటలో చెబుతాను. పశువుల్లోనే ఇన్ని చూళ్లు పోయే ప్రక్రియను స్త్రీ గర్భంలో ప్రయత్నించడం నేరం, పుట్టబోయే బిడ్డను మరొకరి నకలుగా బతకమని ముందే నిర్ణయించడం అన్యాయం. మన దేశ మార్గదర్శకాలు దాన్ని నిషేధించడం సరైనదే.

పశువుల దగ్గరికే తిరిగి వస్తే, ఒంగోలు జాతి తగ్గిపోవడానికి కారణం దూడలు పుట్టకపోవడం కాదు, పుట్టిన దూడను మేపే కొట్టం లేకపోవడం. దుక్కికి ట్రాక్టర్ వచ్చింది, పాలకు ముర్రా గేదె వచ్చింది, జొన్న వేసే చేలల్లో పొగాకు, సుబాబుల్, జామాయిల్ వచ్చాయి, ఊరుమ్మడి బీళ్లు ఆక్రమణలకు పోయాయి. ప్రయోగశాలలో యాభై దూడలు పుట్టించినా వాటిని కట్టేయడానికి ఎవరింటికి తోలుతాం? ఒక క్లోన్ దూడకు అయ్యే ఖర్చును, జాతి ఆవును ఇంకా పోషిస్తున్న కుటుంబాలకు ఏటేటా మేత సాయంగా ఇస్తే, ఎన్ని ఆవులు కబేళాకు పోకుండా ఆగుతాయో పశుసంవర్ధక శాఖవారు లెక్క వేసి చూడాలి.

ఇక హక్కుల సంగతి. పంతొమ్మిదో శతాబ్దం నుంచి 1960ల తొలినాళ్ల వరకు మన పశువులు ఓడలెక్కి బ్రెజిల్ వెళ్లాయి. పంతొమ్మిదో శతాబ్దంలో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది కాబట్టి అక్కడ వాటిని నెలోర్ అంటారు. ఒంగోలు పక్కనున్న కరవది నుంచి వెళ్లి, ఆ ఊరి పేరే పెట్టుకున్న ఆంబోతు అక్కడి ఎన్నో వంశాలకు మూలమైంది. ఇప్పుడు అక్కడ కోట్ల సంఖ్యలో ఉన్న మాంసపు పశువుల్లో ఎక్కువ భాగం ఈ నెలోర్ సంతతే. 2023లో వియాటినా-19 అనే నెలోర్ ఆవులో మూడో వంతు వాటా అమ్ముడైన ధరను బట్టి దాని విలువ 40 లక్షల డాలర్లు దాటింది. నెలోర్ క్లోనింగ్ అక్కడ వ్యాపారంగానే సాగుతోంది. తరతరాలుగా ఆ నెత్తురును ఎంచి పెంచిన మన ఊళ్లకు దానిలో దక్కినది ఏమీ లేదు. ఆ రోజుల్లో కనీసం పశువును తోలుకుపోవలసి వచ్చేది. ఇప్పుడు చెవి ముక్క చాలు. మూత్రంలోనూ వీర్యంలోనూ దొరికే కణాల నుంచి కూడా క్లోన్ గేదెలు పుట్టవచ్చని కర్నాల్‌వారే నిరూపించారు. అంటే తన పశువు నకలు ఎక్కడ తయారవుతోందో యజమానికి తెలియకుండానే అంతా జరిగిపోవచ్చు.

అందుచేత పశువు నుంచి ఏ నమూనా తీసినా, దాన్ని దేనికి వాడతారో, క్లోనింగ్‌కు వాడితే యజమానికీ ఊరికీ ఏమి చెందుతుందో తెలుగులో రాసిన కాగితం మీద ముందే సంతకాలు జరగాలి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం స్థానిక సంస్థల్లో ఏర్పడవలసిన జీవవైవిధ్య యాజమాన్య కమిటీలు తమ రిజిస్టర్లలో ఏ ఊళ్లో ఏ ఇంట ఏ వంశపు ఆవులు ఉన్నాయో నమోదు చేయాలి. చదలవాడ పశుక్షేత్రంవారు, గుంటూరు దగ్గరి లాం పశు పరిశోధన కేంద్రంవారు ఆ జాబితా చూసి, దగ్గరి బంధుత్వం లేని వంశాల నుంచి కణాలు, వీర్యం, పిండాలు భద్రపరచాలి. కరవది, చదలవాడ చుట్టుపక్కల ఊళ్లలో ఇంకా ఆవును అమ్మకుండా నిలబెట్టుకున్న ఇళ్ల దగ్గరే ఈ నమోదు మొదలుపెట్టాలని, అది పూర్తయ్యేవరకు ఒంగోలు గిత్తల క్లోనింగ్‌కు ప్రభుత్వ సొమ్ము ఒక్క రూపాయి కూడా కేటాయించవద్దని కోరుతున్నాను.