బుట్ట మోసినవాడికి మాట దక్కదా?

యెరూషలేములో దేవాలయం నిలిచి ఉన్న కాలంలో, వారాల పండుగ మొదలుకొని పర్ణశాలల పండుగ దాకా రైతులు తొలి పంటను బుట్టల్లో మోసుకొచ్చేవారు. యాజకుడి ముందు నిలబడి, 'మా పితరులకు ఇస్తానని దేవుడు ప్రమాణం చేసిన దేశానికి వచ్చాను' అని చెప్పాలి. ద్వితీయోపదేశకాండం 26వ అధ్యాయంలో ఉంది ఆ పాఠం. బయటి నుంచి యూదమతంలోకి వచ్చినవాడు మాత్రం బుట్ట తేవాలి, ఆ మాటలు చెప్పకూడదు, అతని పితరులు వేరు గనుక అని మిష్నా తీర్పు. యూదుల పాత ధర్మసూత్రాల సంకలనమే మిష్నా. ఈ తీర్పు మీద చరిత్ర మాస్టారినొకరిని, ఆయన పాత శిష్యురాలిని గుంటూరులో ఎదురెదురుగా కూర్చోబెట్టాను. నా మొగ్గు ఎటో దాచినా దాగదు.

మాస్టారు: తీర్పులో తప్పేముందమ్మా? పండుగకు రావద్దనలేదు. సున్నతి పొందిన పరదేశికి పస్కా మాంసంలోనూ వాటా ఉంది. స్వదేశికీ పరదేశికీ ఒకటే ధర్మశాస్త్రమని నిర్గమకాండమే చెప్పింది. ఒక్క వాక్యం వద్దన్నారు, అది అతని నోట నిజం కాదు గనుక.

శిష్యురాలు: పస్కా దేనికి జ్ఞాపకం మాస్టారూ? ఐగుప్తు నుంచి బయటపడినందుకు. ఆ రాత్రి అతని తాత అక్కడ లేడు కదా. తినడం అబద్ధం కానప్పుడు చెప్పడం ఎలా అబద్ధమవుతుంది?

మాస్టారు: తినడం ఆచారం, చెప్పడం సాక్ష్యం. పెళ్ళి భోజనానికి ఎవరైనా కూర్చోవచ్చు. సంకల్పంలో గోత్రం చెప్పేది ఆ ఇంటివాళ్ళే.

శిష్యురాలు: గోత్రం మాట మీరే తెచ్చారు. దత్తు వెళ్ళిన పిల్లవాడు ఎవరి గోత్రం చెబుతాడు? మెట్టినింటికి వచ్చిన కోడలిది ఏ గోత్రం? బైబిల్లో రూతు పరాయి దేశమైన మోయాబు పిల్ల. 'నీ జనమే నా జనం' అని అత్తగారి వెంట నడిచింది, ఆమె కథను వారాల పండుగకే చదువుకుంటారు. మతంలోకి వచ్చినవాణ్ణి తోరా, అంటే ధర్మశాస్త్రం, పఠనానికి పిలిచేటప్పుడు 'మన తండ్రి అబ్రాహాము కుమారుడు' అనే పిలుస్తారు. గోత్రం ఇచ్చి ప్రవర చెప్పవద్దంటే ఎలా? ఇంకొకటి. అదే మిష్నాలో ఉంది: పాఠం రానివాళ్ళు నలుగురిలో సిగ్గుపడి బుట్టలు తేవడమే మానేశారట. అప్పుడు పెద్దలు, పాఠం వచ్చినవాడూ రానివాడూ అని చూడకుండా, ఒకరు పలికిస్తే అందరూ వెంట చెప్పే పద్ధతి పెట్టారు. చదువు రానివాడి సిగ్గు కోసం ఆచారాన్నే మార్చినవాళ్ళకు, బుట్టతో మూగగా నిలబడినవాడు కనబడలేదా?

మాస్టారు: పాఠం రాకపోవడం వేరు, పితరులు లేకపోవడం వేరు. దత్తత అన్నావు, దత్తు తీసుకునేవాళ్ళు బతికి ఉండాలి. అబ్రాహాము ఎవరిని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు? యూదుల రాజు అగ్రిప్ప సంగతి తెలుసుగా. హేరోదు వంశం, ఇదూమయ నుంచి మతంలోకి వచ్చిన మూలం. పర్ణశాలల పండుగలో ధర్మశాస్త్రం చదువుతూ, 'నీ సోదరుడు కాని పరదేశిని రాజుగా పెట్టుకోకూడదు' అన్నచోట కన్నీళ్ళు పెట్టుకున్నాడు. జనం 'భయపడకు, నువ్వు మా సోదరుడివి' అని మూడుసార్లు అన్నారు. వినడానికి ఎంత బాగుంది! మిష్నా మీద వ్యాఖ్యానమైన తల్మూద్ ఏమంది? రాజుకు ముఖస్తుతి చేసిన ఆ ఘడియే ఇశ్రాయేలు నాశనానికి తగినదైంది అంది. జాలిపడి కలుపుకున్న చుట్టరికం నిలవదమ్మా.

శిష్యురాలు: దెబ్బ గట్టిగానే తగిలింది. కానీ బుట్ట మోసే రైతు సింహాసనం అడగడం లేదు.

మాస్టారు: అయితే మన పక్కనే చూడు. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో 1991లో యూదుల ప్రార్థనా స్థలం, సమాజమందిరం పెట్టుకున్నారు. తెలుగువాళ్ళు, పస్కా చేసుకుంటారు. 'మేము మతంలోకి వచ్చాం' అంటారా? 'ఇశ్రాయేలు గోత్రాల్లో ఎఫ్రాయిము గోత్రం మాది' అంటారు. నమ్మకమే చాలితే వంశం ఎందుకు?

శిష్యురాలు: మాదిగపల్లె నుంచి వచ్చినవాళ్ళను వంశం అడగకుండా ఈ దేశంలో ఎవరు గడప దాటనిచ్చారు?

మాస్టారు: కులం ఇక్కడికెందుకు తెచ్చావు?

శిష్యురాలు: మీరు గోత్రం తెచ్చారు గనుక. వాళ్ళ పితరులెవరో తేల్చడం నా పని కాదు. మణిపూర్, మిజోరంలలో బ్నేయి మెనషే అని చెప్పుకునే వారిని 2005లో ఇశ్రాయేలులోని సెఫర్దీ శాఖ ప్రధాన రబ్బీ, అంటే మతగురువు, ఇశ్రాయేలులో తప్పిపోయిన గోత్రపు సంతతిగా గుర్తించాడు. అయినా మతప్రవేశ విధి జరిపించుకోవలసిందే అన్నారు. వంశం ఉందని ఒప్పుకున్నాక కూడా అది చాలలేదు మాస్టారూ! యెరూషలేము తల్మూద్‌లో రబ్బీ యెహూదా మాట మీరు మరిచారు: అబ్రాహామును అనేక జనాలకు తండ్రి అన్నారు, కాబట్టి బయటినుంచి వచ్చినవాడూ బుట్ట తెచ్చి పాఠం చెప్పాలి. 12వ శతాబ్దంలో ఓబద్యా అనే మతప్రవిష్టుడు, 'మా పితరుల దేవా అని నేను ప్రార్థించవచ్చా?' అని ఈజిప్టులో ఉన్న యూద పండితుడు మైమోనిడీస్‌కు ఉత్తరం రాశాడు. అందరూ చెప్పినట్టే చెప్పు, ఏదీ మార్చకు అన్నాడాయన. నీ పుట్టుకను తక్కువగా చూసుకోకు, మేము అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల పేరు చెప్పుకుంటే నువ్వు నేరుగా సృష్టికర్త పేరే చెప్పుకుంటావు అన్నాడు.

మాస్టారు: ఉత్తరం చివరిదాకా చదివావా? 'మమ్మల్ని ఐగుప్తు నుంచి తెచ్చావు' అన్నచోట, కావాలంటే 'ఇశ్రాయేలును తెచ్చావు' అని మార్చుకోమన్నాడు. ఆ తేడా ఆయనకూ కనబడింది.

శిష్యురాలు: కనబడింది, ఒప్పుకుంటాను. మార్చకపోయినా నష్టం లేదని కూడా ఆ వెంటనే రాశాడు. క్రీ.శ. 70లో యెరూషలేము గుడి కూలింది, బుట్టలు పోయాయి. ఆ పాఠం మాత్రం పస్కా రాత్రి భోజనాల బల్ల దగ్గరికి వచ్చి చేరింది. 'నా తండ్రి అరామీయుడు' అని మొదలయ్యే వాక్యాలే ఆ రాత్రి చదివే పుస్తకం హగ్గదాకు గుండెకాయ. 'మా పితరుల దేవునికి మొరపెట్టాం' అన్న ముక్క అందులోదే. నిన్న మతంలోకి వచ్చినవాడూ దాన్ని గొంతెత్తి చదువుతున్నాడు.

మాస్టారు: పుస్తకంలో ఉన్నది చదవడం సాక్ష్యం కాదు.

శిష్యురాలు: గుడిలో మాత్రం? ఒకరు పలికిస్తే వెంట చెప్పడమేగా మాస్టారూ.

మాస్టారు: ...ఆ పలికించే పద్ధతి మిష్నాలో ఏ అధ్యాయంలో ఉందన్నావు?

శిష్యురాలు: మూడోది.