చీర కడితే జైలన్న చట్టం

పోలీసు రిజిస్టర్‌లో పేరెక్కిన హిజ్రా చీర కట్టుకుని, నగలు పెట్టుకుని వీధిలో కనిపిస్తే వారంట్ లేకుండానే పట్టుకోవచ్చు. నలుగురిలో ఆడినా, వాయించినా అంతే. శిక్ష రెండేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. 1919లో నిజాం ప్రభుత్వం హైదరాబాద్ నగరం కోసం చేసిన ఈ చట్టం, 2023 జులై 6న తెలంగాణ హైకోర్టు కొట్టేసేదాకా బతికే ఉంది. నిజాం పాలన పోయింది, రాజ్యాంగం వచ్చింది, రాష్ట్రాలు కలిశాయి, విడిపోయాయి. దాన్ని తీసేయాలని ఏ ప్రభుత్వానికీ తోచలేదు. రాష్ట్రం పేరు మారినప్పుడు మాత్రం చట్టం పేరును ఓపిగ్గా సవరించుకున్నారు.

ఆడ, మగ అన్నది ప్రకృతి తేల్చిన లెక్క, అందులో రాజకీయానికి చోటెక్కడిదని అడిగేవాళ్లు ఈ చట్టం ఎలా పుట్టిందో చూడాలి. దాని మూలం బ్రిటిష్ వాళ్ల 1871 నేరస్థ తెగల చట్టం. అందులో రెండో భాగమంతా హిజ్రాల గురించే. మగతనం లేదని ఒప్పుకున్నవాళ్లు, లేదా వైద్య పరీక్షలో అలా కనిపించినవాళ్లు ఆ కోవలోకి వస్తారని నిర్వచించారు. పిల్లల్ని ఎత్తుకుపోతారనో, అసహజ నేరాలు చేస్తారనో అనుమానం ఉంటే చాలు, పేరు రిజిస్టర్‌లోకి ఎక్కుతుంది. అలా పేరెక్కిన మనిషి వీలునామా రాయకూడదు, ఆస్తి దానం ఇవ్వకూడదు, దత్తత తీసుకోకూడదు, మైనరుకు సంరక్షకుడిగా ఉండకూడదు. హిజ్రాల ఇళ్లలో ఆస్తి గురువు నుంచి చేలాకు, అంటే శిష్యురాలికి, వెళ్తుంది. ఆ దారి మూసేస్తే ఒకటి రెండు తరాల్లో ఆ సమాజమే ఉండదని పాలకుల లెక్క. అంతకుముందు ఇదే దేశంలో మరాఠా పాలకులు కొందరు హిజ్రాలకు ఇనాం భూములిచ్చారు. నిజాం, మొఘల్ అంతఃపురాల్లో ఖ్వాజాసరాలు, అంటే అంతఃపుర కొలువులోని నపుంసకులు, పెద్ద పదవులు చేశారు. వాళ్ల బతుకంతా సుఖంగా సాగిందని కాదు. వాళ్లు అలా ఉండటమే నేరమని మాత్రం ఎవరూ అనలేదు.

1911లో నేరస్థ తెగల చట్టాన్ని తిరగరాసినప్పుడు బ్రిటిష్ ప్రభుత్వమే హిజ్రాల భాగాన్ని వదిలేసింది. తెల్లవాళ్లు వదిలేసిన దాన్ని ఎనిమిదేళ్ల తర్వాత హైదరాబాద్ సంస్థానం ఏరి తెచ్చుకుంది. కాబట్టి ఇది పరాయివాళ్లు మన నెత్తిన రుద్దిన బరువని చెప్పి తప్పించుకోవడం కుదరదు.

ఆ చట్టం వచ్చిన కొద్ది ఏళ్లకే నటుడు స్థానం నరసింహారావు రంగస్థలం మీద చీర కట్టడం మొదలుపెట్టారు. ఆయన చీర కట్టు, నడక చూడటానికి జనం విరగబడి వచ్చేవారు. 1956లో పద్మశ్రీ కూడా వచ్చింది. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగా జడ పట్టుకుని వస్తే ఆడవాళ్లే ముచ్చటపడి చూశారు. మగ ఒంటి మీద చీర తెలుగువాళ్లకు ఎన్నడూ వింత కాలేదు. వేషం తీసేసి ఇంటికెళ్లేవాడికి బిరుదులు, ఆ చీరలోనే బతుకుతానన్న మనిషికి రిజిస్టర్. మన అభ్యంతరం ఎప్పుడూ గుడ్డ మీద కాదు, తానెవరో తానే చెప్పుకుంటానన్న మనిషి మీద.

ఆ హక్కునే సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న నాల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) కేసు తీర్పులో గుర్తించింది. ఎవరి జెండర్ ఏమిటో వాళ్లే నిర్ణయించుకోవచ్చని, దానికి ఆపరేషన్ షరతు పెట్టకూడదని చెప్పింది. ఐదేళ్ల తర్వాత పార్లమెంటు చేసిన చట్టం ఆ మాటను ఒక సెక్షన్‌లో ఒప్పుకుని మరో సెక్షన్‌లో మెలిక పెట్టింది. 2019లో చేసిన ఆ చట్టం ప్రకారం ట్రాన్స్‌జెండర్ అన్న గుర్తింపు పత్రం జిల్లా మేజిస్ట్రేట్ ఇస్తారు. ఆడ అనో, మగ అనో మార్పించుకోవాలంటే మాత్రం ఆపరేషన్ అయిందని ఆసుపత్రి కాగితం తేవాలి. వైద్య పరీక్షతో మనిషిని తేల్చే 1871 నాటి అలవాటు మర్యాదగా మాట్లాడటం నేర్చుకుంది, అంతే.

ఈ విషయంలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025 జూన్‌లో ఇచ్చిన తీర్పును మెచ్చుకోవాలి. భర్త, అత్తింటివాళ్లు వేధిస్తున్నారని ఒక ట్రాన్స్ మహిళ 498-ఏ కింద కేసు పెడితే, పిల్లల్ని కనలేని మనిషి స్త్రీ ఎలా అవుతుందని అవతలివాళ్లు వాదించారు. కోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. ఆరోపణలకు తగిన ఆధారాలు లేవని ఆ కేసును కొట్టేసింది కానీ, ట్రాన్స్ మహిళకు ఆ సెక్షన్ వర్తిస్తుందని స్పష్టం చేసింది. బిడ్డను కంటేనే ఆడది అన్న ఆ వాదన పిల్లల్లేని మన ఇళ్ల కోడళ్లు రోజూ వినేదే. ఒకరి కోసం గీసిన గీత చివరికి ఎందరికి తగులుతుందో చూడండి.

చట్టాల్లో పెద్ద కంత ఇంకొకటి ఉంది. ఇష్టపూర్వకంగా కలిసిన పెద్దవాళ్లను శిక్షించడానికి, స్వలింగ సంబంధాలతో సహా ‘అసహజ’ లైంగిక చర్యలను నేరమన్న పాత 377వ సెక్షన్ చెల్లదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు చెప్పింది. బలవంతం చేసిన కేసుల్లో ఆ సెక్షన్ మిగిలింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత దాన్ని పూర్తిగా వదిలేసింది, బదులుగా ఏమీ పెట్టలేదు. అత్యాచారం సెక్షన్‌లో బాధితులుగా ఉన్నది స్త్రీలే. ఒక మగవాడి మీద అత్యాచారం జరిగితే పోలీసులు ఏ సెక్షన్ రాయాలి? 2019లో చేసిన ట్రాన్స్‌జెండర్ చట్టంలో లైంగిక దాడికి పెట్టిన గరిష్ఠ శిక్ష రెండేళ్లు. స్త్రీ మీద అత్యాచారానికి కనీస శిక్షే పదేళ్లు. ఒంటిని బట్టి బాధకు విలువ కట్టే ఈ పద్ధతిని పార్లమెంటు వెంటనే సరిదిద్దాలి.

గృహప్రవేశం రోజున వచ్చి వేలకు వేలు అడుగుతున్నారని, ఇవ్వకపోతే గొడవ చేస్తున్నారని హైదరాబాద్‌లో చాలామంది విసుక్కుంటారు. ఆ ఇబ్బంది నిజమే, దాన్ని కొట్టిపారేయం. బెదిరించి డబ్బు గుంజడం ఎవరు చేసినా నేరమే, దానికి సెక్షన్లు ఉన్నాయి. చేసిన మనిషి మీద కేసు పెట్టాలి. ఒకరు చేసిన పనికి సిగ్నల్ దగ్గర కనిపించిన అందరినీ వ్యాన్ ఎక్కించడం, రద్దయిన చట్టాన్ని దొడ్డిదారిన నడపడమే. అద్దెకు ఇల్లివ్వని, పని ఇవ్వని ఊరు, ఎందుకు అడుక్కుంటున్నారని కోప్పడితే ఏం చెబుతాం?

పని ఇస్తే ఏమవుతుందో కళ్ల ముందే ఉంది. ఉస్మానియా ఆసుపత్రిలో 2022లో ఇద్దరు ట్రాన్స్ మహిళలు డాక్టర్లుగా చేరారు. 2024 చివర్లో హైదరాబాద్ ట్రాఫిక్ విధుల్లోకి ట్రాన్స్‌జెండర్లను తీసుకున్నారు. మంచి పనులే. కాకపోతే 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో 'ఇతరులు' గడిలో ఉన్నవాళ్లే దాదాపు 44 వేలు. పేరు చెప్పుకోని వాళ్లెందరో. ఫొటోలు బాగా పడే నియామకాలతో ఇంతమందికి దారి దొరకదు. కర్ణాటక 2021లోనే ప్రభుత్వ ఉద్యోగాల్లో అన్ని వర్గాల్లోనూ ఒక శాతం కేటాయించింది. తెలంగాణ హైకోర్టు కూడా 2023 తీర్పులో చదువుల్లో, ఉద్యోగాల్లో రిజర్వేషన్ ఇవ్వాలని, ఆసరా పెన్షన్ వర్తింపజేయాలని ఆదేశించింది. పెన్షన్ల జాబితాలో ట్రాన్స్‌జెండర్లను చేర్చడంలో ఆంధ్రప్రదేశ్ ముందే ఉంది. ఆ ఆదేశాల్లో ఏది ఎంతవరకు అమలైందో తెలంగాణ ప్రభుత్వం శాసనసభ ముందు పెట్టాలి.

1919 చట్టం కింద రాసిన రిజిస్టర్లు ఏమయ్యాయో కూడా హోం శాఖ చెప్పాలి. హిజ్రాల పేర్లు, ఫొటోలు, వేలిముద్రలతో జాబితాలు ఏ స్టేషన్‌లోనైనా ఉంటే, నేరం చేశారన్న కేసు లేనివాళ్ల వివరాలన్నీ వెంటనే తీసేయించి, ఆ సంగతి హైకోర్టుకు రాతపూర్వకంగా తెలపాలి.