చేతి గేమింగ్ కంప్యూటర్ బొమ్మ కాదు

"డెబ్బై వేలు తగలేసి బొమ్మ కొనడమే. ఫోన్‌లో లేనిది అందులో ఏముంది? బ్యాటరీ గంట రాదు, పాడైతే పారేయడమే." స్టీమ్ డెక్, ఆర్‌ఓజీ అలై లాంటి చేతి గేమింగ్ కంప్యూటర్ల (చేత్తో పట్టుకుని పీసీ గేములు ఆడుకునే చిన్న కంప్యూటర్ల) గురించి గ్రూపుల్లో తెగ తిరుగుతున్న మాట ఇది. ఇందులో ధర గురించిన ముక్కలో కొంత నిజం ఉంది. మిగతాదంతా తప్పు.

ముందు ఫోన్ సంగతి. బాల్డర్స్ గేట్ 3, ఎల్డెన్ రింగ్ లాంటి పెద్ద పీసీ గేములు ఫోన్‌కి రాలేదు. పీసీ గేములు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో రూపాయల్లో ధరలు 2015 నుంచే ఉన్నాయి. అప్పటి నుంచి సేల్‌లో ఒక్కొక్క గేమూ కొనుక్కున్నవాళ్లు వాటిలో చాలావరకు మళ్లీ పైసా కట్టకుండా ఈ చేతి కంప్యూటర్లో ఆడుకోవచ్చు. క్లౌడ్ సేవ్ (ఆట ఎక్కడిదాకా వచ్చిందో ఇంటర్నెట్‌లో దాచే సదుపాయం) ఉన్న గేమైతే ఇంట్లో పీసీలో ఆపిన చోటి నుంచే రైల్లో మొదలుపెట్టొచ్చు.

బొమ్మ అంటారా? స్టీమ్ డెక్‌లో ఉన్నది ఏఎమ్‌డీ ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, విండోస్ బదులు లైనక్స్. డెస్క్‌టాప్ మోడ్‌లోకి వెళ్లి మానిటర్, కీబోర్డు తగిలిస్తే మామూలు కంప్యూటరే.

బ్యాటరీ మీద జరిగే ప్రచారం మరీ అన్యాయం. పెద్ద గేమ్‌ని ఫుల్ సెట్టింగ్స్‌లో వదిలేస్తే మొదటి స్టీమ్ డెక్‌లోని 40 వాట్ అవర్ బ్యాటరీ రెండు గంటల లోపే అయిపోతుంది, కాదనను. కానీ కుడివైపు మూడు చుక్కల బటన్ నొక్కి ఫ్రేమ్‌రేట్ (సెకనుకి తెర మీద మారే బొమ్మల సంఖ్య) 40కి దించి, ప్రాసెసర్ వాడే కరెంటుకి ఎనిమిది వాట్ల హద్దు పెట్టి చూడండి. చిన్న గేములైతే ఆ సమయం రెట్టింపు దాటుతుంది. 2023లో వచ్చిన ఓఎల్ఈడీ మోడల్‌లో బ్యాటరీయే 50 వాట్ అవర్. అన్నిటికంటే నాకు నచ్చేది పవర్ బటన్. ఫైట్ మధ్యలో పాప ఏడ్చినా, స్టేషన్ వచ్చినా ఒక్కసారి నొక్కితే గేమ్ అక్కడే ఆగుతుంది, మళ్లీ నొక్కితే అక్కడి నుంచే. గంట ఖాళీ దొరకని మనిషికి ఇది చాలా పెద్ద విషయం. విండోస్‌తో వచ్చే మోడళ్లలో ఇలా ఆపి నిద్రపుచ్చడం (స్లీప్) ఇంత నమ్మకంగా పనిచేయదు.

పాడైతే పారేయక్కర్లేదు. డెక్ వెనుక మూత ఎనిమిది స్క్రూలు విప్పితే ఊడి వస్తుంది. గేములు దాచే ఎస్‌ఎస్‌డీ, జాయ్‌స్టిక్ మనమే మార్చుకోవచ్చు. బ్యాటరీ మాత్రం గట్టిగా అతికించి ఉంటుంది, దాన్ని తెలిసినవాళ్లకే ఇవ్వండి.

ఇక ధర. డెక్ 2022లో అమెరికాలో 399 డాలర్లకు మొదలైంది, కానీ మన దేశంలో కంపెనీ నేరుగా అమ్మలేదు. బయట దిగుమతి చేసి అమ్మేవాళ్ల దగ్గర ధరా ఎక్కువే, కంపెనీ వారంటీ కూడా ఉండదు. ఆర్‌ఓజీ అలై 2023 జూలైలో ఇక్కడ రూ.69,990కి అధికారికంగానే వచ్చింది. కాలేజీకి ల్యాప్‌టాప్ లేని పిల్లలకి ముందు ల్యాప్‌టాప్ కొనండి, అందులో వాదనే లేదు. ఫోర్ట్‌నైట్ కోసమే అయితే డెక్ జోలికి వెళ్లొద్దు, దాని యాంటీచీట్ (మోసంతో ఆడేవాళ్లని పట్టే సాఫ్ట్‌వేర్) డెక్‌లోని లైనక్స్ అయిన స్టీమ్‌ఓఎస్ మీద నడవదు. మిగతా గేములకి స్టీమ్ పేజీలో డెక్ పక్కన ఆకుపచ్చ టిక్ ఉందో లేదో చూసి డబ్బు కట్టండి.