షుగర్ మాత్ర వేసుకుని వైన్ పీపా విస్కీ తాగమంటారా?

"వైన్ పీపాలో మాగిన బ్లెండెడ్ రై విస్కీలో ద్రాక్ష సారం ఉంటుంది, గుండెకు మంచిది, షుగర్ ఉన్నవాళ్లు కూడా రాత్రిపూట రెండు పెగ్గులు నిశ్చింతగా తాగొచ్చు." మా కావలి స్నేహితుల గ్రూపులో ఈ మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. కింద అందరూ దండాలు పెడుతున్నారు. ఇక ఊరుకోలేను.

ఆ మెసేజ్‌లో ఇంకా ఉన్నాయి. రంగు ముదిరితే పాతదట. కాదు. రంగు చాలావరకు లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే పడుతుంది. ఆ తర్వాత కొన్ని నెలలు రెడ్ వైన్ పీపాలో ఉంచినా రంగు మారుతుంది. బ్లెండెడ్ అంటే రెండింతల బలమట. అమెరికా నిబంధన ప్రకారం బ్లెండెడ్ రైలో కనీసం 51 శాతం స్ట్రెయిట్ రై, అంటే రై అనే ధాన్యంతో చేసి పీపాలో మాగించిన అసలు విస్కీ, ఉంటే చాలు; మిగతాది న్యూట్రల్ స్పిరిట్, అంటే రుచీ వాసనా లేని ఉత్త ఆల్కహాల్, అయినా కావచ్చు. బలం ఎక్కడిది?

రుచి గురించి రాసింది మాత్రం నిజం. నాలుగు చుక్కల నీళ్లు వేసి వాసన చూస్తే మిరియాల ఘాటు, దాని వెనకే ఎండుద్రాక్ష తీపి తెలుస్తాయి. బాగుంటుంది కూడా. కానీ చేపల పులుసు కాచిన దాకలో పప్పు వండితే వాసన వస్తుంది గానీ ముక్క రాదు కదా! ద్రాక్ష సారమూ అంతే. ఇక గుండెకు మంచిదంటూ తాగమనే ముందు ఒక మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 1988లోనే మద్యాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. వైన్ పీపాకు మినహాయింపేమీ ఇవ్వలేదు.

నాకు ఒళ్లు మండేది షుగర్ మాట దగ్గరే. నీట్‌గా, అంటే ఏమీ కలపకుండా తాగితే షుగర్ పెరగదన్నది ఒప్పుకుంటాను. ప్రమాదం షుగర్ పడిపోవడంలో ఉంది. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు రక్తంలోకి గ్లూకోజ్ అందించేది కాలేయం. అది ఆల్కహాల్‌ను కరిగించే పనిలో పడితే కొత్త గ్లూకోజ్ తయారీ తగ్గిపోతుంది. గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్రో, ఇన్సులినో అదే సమయంలో షుగర్‌ను కిందికి లాగుతూ ఉంటుంది. తాగిన చాలా గంటల తర్వాత, తెల్లవారుజామున కూడా షుగర్ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, మాట ముద్దగా రావడం, తూలడం. ఇంట్లోవాళ్లు ఏమనుకుంటారు? తాగాడు, పడుకోనీ అనుకుంటారు. అలా పడుకోబెట్టిన మనిషి లేవకపోతే ఈ దండాలు పెట్టినవాళ్లు వచ్చి లేపుతారా?

దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడిన జిల్లాలో ఉండి మనం పంచుకునేది ఇదా?

అన్నా, పంపినవాళ్లు ముందు ఆ మెసేజ్ తీసేయండి. షుగర్ మాత్రలు వాడేవాళ్లు మన గ్రూపులోనే ఉన్నారు. వాళ్ల ఇళ్లకు ఫోన్ చేసి చెప్పండి: తాగిన మనిషికి చెమటలు పడితే వెంటనే గ్లూకోమీటర్‌తో చూడాలి. స్పృహలో ఉంటే చక్కెర నీళ్లు తాగించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి.